ఆ బొరియ మూసిందెవరు

మా మరిది కుందేళ్ళు పెంచుతానని చెప్పిన రోజు నేను వాకిట్లో కూర్చుని మినపప్పు కడుగుతున్నాను. "వదినా, సోవియట్ చించిల్లా అని ఒక జాతి ఉంది, న్యూజిలాండు తెల్లవని ఇంకొకటి. నెల తిరక్కుండా పిల్లల్ని పెడతాయి. మనం చేయాల్సిందల్లా ఇంత గడ్డి వేయడమే," అన్నాడు. ఆ గడ్డి వేసే మనిషి ఎవరో నాకు అప్పుడే తెలిసిపోయింది. "పాస్‌పోర్టులు వాళ్ళే ఇస్తారా, మనం తీయించుకోవాలా?" అన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. వారం తిరిగేసరికి పెరట్లో రేకుల షెడ్డు లేచింది.

మాది హచ్చొళ్ళికి దగ్గర్లో ఒక క్యాంపు. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి, నల్లరేగడి చదును చేసి వరి వేసుకున్న వాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులనే అంటారు. డాబాలు లేచాయి, గుడి కట్టాం, మూడో తరం పిల్లలకు తెలుగు కంటే కన్నడమే ముందు వస్తుంది. అయినా క్యాంపు క్యాంపే. సిరుగుప్ప సంతలో వంకాయలు బేరమాడితే "క్యాంపోళ్ళా అమ్మా?" అని అడిగి మరీ తూస్తారు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే మెట్టాను. అయినా అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది, అవునని చెప్పి వంకాయలు తెచ్చుకుంటాను.

కుందేళ్ళను కొనేవాళ్ళు ఇంటికే వస్తారని మరిది చెప్పాడు. రాలేదు. మాంసానికి గిరాకీ అన్నాడు. క్యాంపులో ఒక ఆదివారం వండుకున్నారు, రెండో ఆదివారానికి కోడే నయమన్నారు. మా మరిదిది ఆరంభశూరత్వమని నేను కాపరానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టాను. తేనెటీగలు, పుట్టగొడుగులు, కముజు పిట్టలు అన్నీ అయ్యాకే కుందేళ్ళ వంతు వచ్చింది. విసుగెత్తిపోయి అతను బళ్ళారి వెళ్ళి, బ్రూస్‌పేటలో ఒక పైపుల కొట్లో పనికి కుదిరాడు. కుందేళ్ళు నాకు మిగిలాయి.

తిట్టుకుంటూనే చేశాను. పొద్దున్నే గట్టు మీద గడ్డి కోసుకొచ్చి వేయడం, నీళ్ళ డబ్బాలు కడగడం, పెంటికలు ఎత్తి మల్లె పాదులో పోయడం. గేదె అయితే అరుస్తుంది, కోడి అయితే గోల పెడుతుంది. ఇవి నోరు లేని జీవాలు. ఆకలేసినా మూతి అలా కదుపుతూ చూస్తాయి, అంతే. ఆ చూపుకే నేను లొంగిపోయాను, అబద్ధమెందుకు. వాటిలో ఒక బూడిదరంగు ఆడది ఉండేది, పంజరం తీగకు తగులుకుని చెవి కొస చిరిగింది. నేను వెళ్ళగానే ముందు కాళ్ళతో పంజరం అడుగున గీకేది. తీగ మీద గోళ్ళు గీరిన చప్పుడు తప్ప ఏమీ అయ్యేది కాదు. గడ్డి కోసం తొందరపడుతోందనుకునేదాన్ని. అది తవ్వాలని చూస్తోందని నాకేం తెలుసు? మా పొలాల్లో తిరిగే చెవులపిల్లి కుందేలు జాతిదే, అదెప్పుడూ బొరియ తవ్వదు. గడ్డిలో ఒళ్ళు పట్టేంత గుంత చేసుకుని పడుకుంటుంది, మనిషి అలికిడైతే లేచి పరిగెడుతుంది. కుందేలు మట్టి తవ్వుతుందని మా క్యాంపులో ఎవరూ పుట్టి ఎరగరు.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఇక్కడి గాలివాన నిమిషాల మీద వచ్చి చేయాల్సింది చేసి పోతుంది. షెడ్డు రేకులు లేచి రెండు మళ్ళ అవతల పడ్డాయి. పంజరాలు బోర్లాపడి తలుపులు ఊడాయి. వాన వెలిశాక వెళ్ళి చూస్తే క్యాంపు కుక్కలన్నీ మా పెరట్లోనే ఉన్నాయి. చూడలేక తిరిగొచ్చేశాను. ఆ పూట అన్నం సయించలేదు. "ఇన్నాళ్ళూ తిట్టావుగా, పీడా పోయిందనుకో," అన్నాడు మా ఆయన. ఆయన మీద కూడా కోపమొచ్చింది. మరిదికి ఫోను చేస్తే "పోనీలే వదినా," అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకున్నాను. ఖాళీ పంజరాలను పాత ఇనుము వాడికి వేసేశాం.

తరువాత ఒక నెల గడిచిందేమో. గేదెను తోలుకురావడానికి పొద్దువాలుతుండగా పిల్లకాలువ గట్టు వెంట వెళ్ళాను. గట్టు మలుపులో ముళ్ళ తుమ్మ దట్టంగా పెరిగి ఉంటుంది. ఆ చెట్టు కూడా ఈ నేలది కాదు, ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చిందట. అయినా కన్నడంలో దానికి మా జిల్లా పేరే పెట్టి బళ్ళారి జాలి అంటారు. ఆ జాలి మొదట్లో ఒక బూడిదరంగు కుందేలు కూర్చుని గడ్డి కొరుకుతోంది. చెవి కొస చిరిగి ఉంది. నేను నిలబడిపోయాను. అది నన్ను చూసింది, గడ్డి నమలడం ఆపలేదు. దాని వెనక ముళ్ళలో గుప్పెడంత పిల్ల ఒకటి కదిలింది. దానికి పంజరమంటే ఏమిటో తెలియదు. సంతోషంతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గేదె తనంతట తనే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ ఏడు రెండో పంటకు కాలువ నీళ్ళు ఇవ్వలేదు. నెలల తరబడి పిల్లకాలువ ఎండిపోయి, గట్టు ఎండి, అటువైపు మనుషుల రాకపోకలు తగ్గాయి. కుక్కలు ఆ ముళ్ళలోకి దూరవు. ఆ అదను కుందేళ్ళకు కలిసొచ్చింది. సాయంత్రాలు గట్టు మీద నాలుగైదు కనిపించేవి, కొన్ని బూడిదవి, కొన్ని మచ్చలవి. తెల్లవి మాత్రం మిగల్లేదు, గద్దలకు దూరం నుంచే కనిపిస్తాయి కదా. గట్టుకు అక్కడక్కడ పెద్ద బొరియలు కూడా పడ్డాయి. అవి పందికొక్కుల పనే అనుకున్నాం. జాలి పొదలో కుందేళ్ళు, గట్టులో పందికొక్కులు. మా లెక్క అది.

గట్టు గురించి ఇక్కడ చెప్పాలి. నేల నల్లరేగడే అయినా, గట్టు మాత్రం ఎర్ర ఇసుకమట్టి తోలి కట్టింది. మా పొలం పక్కన పారే పిల్లకాలువ మా దగ్గర ఆగదు, కిందికి పోయి ఇంకో పొలానికి నీళ్ళిస్తుంది. ఆ పొలం హచ్చొళ్ళి పాతకాపుల కుటుంబానిది. భర్త పోయాడు, ఆడపిల్లలు అత్తారిళ్ళకు వెళ్ళారు, ఆ రెండెకరాలు ఆమె ఒక్కతే చేసుకుంటుంది. నాకంటే పదేళ్ళు పెద్దది. కింది పొలం అక్క అంటాం. ఆమె నారుమడి ఎప్పుడూ గట్టు కిందనే పోస్తుంది, అక్కడే నేల మెత్తన. మా గట్టుకు గండి పడిందంటే మొదట పోయేది ఆమె నారు. నారు పోతే మళ్ళీ పోసుకోవడానికి అదను ఉండదు. ఆ కారు పంట పోయినట్టే, ఆమెకు ఏడాది తిండి పోయినట్టే.

అందుకని కాలువకు నీళ్ళు వదిలే ముందు రోజు మా క్యాంపులో గట్టు తిరుగుడు ఉంటుంది. ఎవరి వంతు గట్టు వాళ్ళు మొదటి నుంచి చివరి దాకా నడిచి, ఎలుక బొక్కలు, పీత బొక్కలు, పందికొక్కు బొరియలు అన్నీ వెతికి, బంకమట్టిలో వరిగడ్డి కలిపి కూరి, మడమతో తొక్కుతారు. దానికో కట్టడి ఉంది. ఒకరు మూసిన బొక్కను ఇంకొకరు కెలకకూడదు. కెలికితే మట్టి పట్టు వదులుతుందన్నది ఒక కారణం. నీ పని నాకు నమ్మకం లేదని మొహాన చెప్పినట్టన్నది అసలు కారణం. అంతకంటే పెద్ద అవమానం ఇంకొకటి ఉంది. మన వంతు గట్టులో బొక్క వదిలేస్తే పక్కవాళ్ళు వచ్చి మూసి పోవడం. దానికి మించిన మాట పడనక్కర్లేదు. మా మామగారికి ఎనభై దాటాయి. ఆయన కాపుదలలో ఈ గట్టు ఎన్నడూ తెగలేదు. ఆయనకు అది ఆస్తి కంటే ఎక్కువ.

మరుసటి ఏడు కాలువకు నీళ్ళు వదలడానికి రెండు రోజుల ముందు కింది పొలం అక్క మా గేటు దగ్గర ఆగింది. "మీ గట్టు కొంచెం చూసుకోండప్పా. బొక్కలు శానా ఉండాయి. నా మడి కిందనే ఉండాది," అంది మా ఆయనతో. మామూలుగానే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది. ఈ ఇంటి గట్టు సంగతి ఈమె చెప్పాలా అనుకున్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

గట్టు తిరుగుడు రోజు మామగారు, మా ఆయన, నేను ముగ్గురం వెళ్ళాం. మామగారు కర్రతో బొరియలు చూపించడం, నేను మట్టి అందివ్వడం, మా ఆయన కూరి తొక్కడం. మలుపు దగ్గరికి వచ్చాం. గట్టు బయటి వాలులో, అక్క నారుమడికి ఎదురుగా, ఒక పెద్ద బొరియ ఉండాల్సిన చోట తాజా మట్టి కనిపించింది. బొరియ నోరు చక్కగా మూసి ఉంది. మట్టిలో గడ్డిపోచలు కూడా ఉన్నాయి. మామగారు వంగి చూశారు.

"నువ్వు మూశావుట్రా?" అని మా ఆయన్ని అడిగారు.

"లేదు నాన్నా. ఇప్పుడేగా వస్తున్నాం."

"మడమ గుర్తు లేదు. మనది కాదు." ఆయన నిటారుగా నిలబడి కింది మడి వైపు చూశారు. ముఖం నల్లబడిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా గట్టు బొరియ ఆమె మూసి పోవడమేమిటి, మేం చచ్చామా? ముందుగా చెప్పనే చెప్పింది, ఒక్క రోజు ఆగలేకపోయిందా? మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నా సంగతి సరిగ్గా అలాగే ఉంది. "విప్పి మళ్ళీ కూరుదామా?" అన్నాడు మా ఆయన. "ముట్టుకోవద్దు," అన్నారు మామగారు. "ఆ ఇంటి మనిషి చెయ్యి పెట్టింది. ఉండనీ." ముట్టుకోకుండా ముందుకు వెళ్ళిపోయాం.

తిరిగి వస్తుంటే బాట మీద అక్క ఎదురైంది. నెత్తిన గడ్డిమోపు. "ఏం మ్మే, గట్టు చూసినారా?" అని అడిగింది. "చూడాల్సిన వాళ్ళు చూశారులే," అన్నాను ముఖం పక్కకు తిప్పుకుని. ఆమె నా వైపు వింతగా చూసి, "సరే పా," అని నడిచింది. ఇంకొక్క మాట తిట్టినా బాగుండేది, ఆమె ఏమిటని అడిగేది, సంగతి అక్కడే బయటపడేది. నా నోరు తెరవాల్సినప్పుడే మూతపడుతుంది.

మర్నాడు పొద్దెక్కేసరికి నీళ్ళు వచ్చాయి. ఎండిన కాలువలోకి మొదటి నీళ్ళు రావడం చూడాలని క్యాంపులో అందరికీ సరదాయే. నురగ, ఎండుటాకులు, చీమలు అన్నీ ముందు తోసుకుంటూ వస్తాయి. మేం తూము దగ్గర నిలబడి చూస్తున్నాం. గట్టు కింద నుంచి అక్క గొంతు వినపడింది. అరుపు కాదు, పిలుపు. "ఓ అప్పా. ఈడ తడి వస్తాండాది. బేగిన రాండి."

పరిగెత్తాం. మూసి ఉన్న ఆ బొరియ చుట్టూ మట్టి నల్లగా నాని ఉంది. చూస్తుండగానే సన్నటి ధార మొదలైంది. ధార ముందు తేటగా వచ్చింది, తరువాత ఎర్రగా మారింది. ఎర్రగా మారిందంటే లోపల గట్టు కరుగుతోందని అర్థం. కింద అక్క నారు జానెడు ఎత్తు పచ్చగా నిలబడి ఉంది. కాలువకు నీళ్ళు రాకముందే, వంక పక్క గుంతలోంచి ఇంజను పెట్టి తోడుకుని పోసుకున్న నారు అది. ఇసుక నీళ్ళు దాని మీదికి పాకుతున్నాయి.

మా ఆయన కాలువలోకి దూకాడు. లోపలి వైపు కాలితో తడిమి, నీళ్ళు లాగుతున్న చోటు పట్టుకుని, గట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మెడ దాకా నీళ్ళు. "బయట నుంచి కూరండి, నేను ఎక్కువసేపు ఆపలేను," అన్నాడు. నేను మట్టి బస్తా ఈడ్చుకొచ్చాను. మామగారు గట్టు మీద నిలబడి, "అమ్మాయ్, తవ్వద్దు. ఉన్నదాని మీదే కూరి తొక్కేయండి," అన్నారు.

అక్క వాలులో మోకాళ్ళ మీద కూర్చుంది. "మీరు మూసింది గట్టిగా లేదప్పా, లోపల డొల్ల ఉండాది," అంది.

"మేం మూయడమేమిటి? మూసింది నువ్వు కదా," అన్నాను.

"నేనెందుకు మూస్తా, మీ గట్టు? మీరే మూసినారు, పోనీలే అనుకుంటి."

ఆమె నా వైపు చూడకుండానే మెత్తబడిన మట్టి తోసి, బొరియలోకి భుజం దాకా చెయ్యి పెట్టింది. తడి గడ్డి లాగబోయింది. ఆమె చెయ్యి ఆగింది. నెమ్మదిగా బయటికి తీసింది. గుప్పెట్లో బూడిదరంగు నూగు ఉంది, ఆ నూగులో వేలెడంత ప్రాణి. కళ్ళు తెరవలేదు. కాళ్ళు కొట్టుకుంటోంది.

"పసికూనలుండాయి," అంది అక్క. "ఇంగా ఉండాయి లోపల."

ఆ నూగు తల్లి కుందేలు తన పొట్ట మీది బొచ్చు పీక్కుని పరిచినదని మాకు తరువాత తెలిసింది. ఆ మట్టి కూడా దానిదే. పిల్లల్ని లోపల పెట్టి, మేతకు వెళ్ళేముందు బొరియ నోరు మూసి, పాదాలతో తట్టి పోతుందట. అంత శుభ్రంగా మూసింది చిరిగిన చెవి కుందేలే. మేం మనుషులం, ఒకరినొకరం అనుమానించుకుంటూ దాని పనికి మర్యాద చేసి దాటిపోయాం.

అప్పుడు అవన్నీ ఆలోచించే తీరిక లేదు. ధార చెయ్యి లావైంది. మడి చివర నారు వంగి ఇసుక కింద పడుతోంది. "అక్కా, నీ నారు పోతోంది. లే, కూరేస్తాను," అన్నాను. నా చేతిలో బస్తా ఉంది. ఆమె పక్కకు జరిగితే చాలు.

ఆమె జరగలేదు. కొంగు విప్పి ఒడి చేసింది. "పోతాండాదిలే. ముందు ఈటిని తియ్యనీ," అంది. "ఆగప్పా, ఒక్క గడియ పట్టుకో," అని గట్టు అవతల ఉన్న మా ఆయనకు చెప్పింది. మళ్ళీ చెయ్యి పెట్టింది. ఒకటి తీసి ఒళ్ళో వేసుకుంది. మళ్ళీ పెట్టింది. ప్రతిసారీ బొరియ కొంచెం వెడల్పవుతోంది, నీళ్ళు కొంచెం ఎక్కువ వస్తున్నాయి, ఆమె నారు ఇంకొంత మునుగుతోంది. అది ఆమెకూ తెలుసు. ఒకసారి వెనక్కి తిరిగి మడి చూసుకుంది, మళ్ళీ చెయ్యి లోపల పెట్టింది. ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆపొద్దని చెప్పడానికీ రాలేదు. నా నారు కాదు కదా అది.

"అయిపాయె. ఇంగ లేవు," అని ఆమె లేచాక, బస్తా మీద బస్తా కూరి, ఇద్దరం ఎక్కి తొక్కాం. క్యాంపు వాళ్ళు పారలు పట్టుకొచ్చారు. నీళ్ళు ఆగేసరికి అక్క నారుమడి సగం ఇసుక మేట కింద ఉంది. మా ఆయన కాలువలోంచి వచ్చి, చలికి పళ్ళు కొట్టుకుంటూ గట్టు మీద కూలబడ్డాడు. అక్క ఒడి పట్టుకుని అలాగే నిలబడి, మిగిలిన సగం నారు వైపు చూస్తోంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. "గంప ఏమన్నా ఉంటే ఇయ్యి మ్మే. ఒళ్ళో ఎంతసేపు పెట్టుకునేది," అంది.

గంపలో ఆ నూగే పరిచి, పిల్లల్ని పెట్టి, జాలి మొదట్లో నీడన గంపను పక్కకు వాల్చి పెట్టాం. తల్లి వస్తుందో రాదో తెలియదు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అక్క అప్పటికే అక్కడ ఉంది. "చూడు," అంది. పిల్లల పొట్టలు గుండ్రంగా నిండి ఉన్నాయి. వచ్చి పాలిచ్చి పోయిందన్నమాట. గంప నోటి దగ్గర ఇంత మట్టి గీకి పోసి ఉంది, అలవాటు చొప్పున మూయబోయినట్టుంది. ఇద్దరం నవ్వాం. నీళ్ళు వచ్చాక మేం నవ్వుకోవడం అదే మొదలు.

గట్టు తెగిన ఇంటివాళ్ళు నారు పోయిన వాళ్ళకు నారివ్వాలి. అది క్యాంపు కట్టడి. అక్క వద్దంది, మామగారు వినలేదు. "మా గట్టు తెగింది తల్లీ, నువ్వు వద్దంటే నాకు ముద్ద దిగదు," అన్నారు. మా మడిలో సగం నారు ఆమెకని విడిచాం. ఇంకొక కట్టడి కూడా ఉంది. తెగడానికి కారణమైన దాన్ని ఏం చేయాలో నష్టపోయిన మనిషే చెప్పాలి. చెట్టు వేళ్ళ వల్ల తెగితే ఆ చెట్టు కొట్టాలా వద్దా అన్నది వాళ్ళ మాటే.

ఆదివారం మా మరిది బళ్ళారి నుంచి వచ్చాడు, వలలు కూడా తెచ్చాడు. పెంచేటప్పుడు లేని చురుకు పట్టేటప్పుడు వచ్చింది. అందరం గట్టు మలుపులో కూర్చున్నాం. మంచి ఎండ. మామగారు తలకు తువ్వాలు చుట్టుకుని కర్ర మీద గడ్డం ఆనించారు. ఆ నాలుగు రోజుల్లో ఆయన బాగా చిక్కిపోయారు. ఇన్నేళ్ళ గట్టు తన కళ్ళ ముందే తెగిందన్న బాధ ఆయనది. "ఇవి ఈ నేల జీవాలు కావమ్మా," అన్నారు అక్కతో. "ఎక్కడో దేశాలవి. వీటికి ఇక్కడ చోటిస్తే గట్టు గుల్ల చేస్తాయి. పట్టించి పంపించేద్దాం. నువ్వు ఊఁ అను, చాలు."

"గట్టుకు బండలు పరుపిస్తాను, ఈ మలుపు వరకూ," అన్నాడు మా ఆయన. "అప్పుడు తవ్వలేవు. అయినా నీ మాటే, అక్కా."

వలలు విప్పుతున్న మరిది ఆగి చూశాడు. కుందేళ్ళు ఉండాలని నా మనసు కొట్టుకుంటోంది, అడిగే హక్కు మాత్రం నాకు లేదు. నారు పోయింది ఆమెది.

అక్క వక్క నములుతూ గట్టు వైపు చూసింది.

"మా అత్త చెప్తాండె, పెద్దాయనా," అంది. "మీరు మొదట వచ్చినప్పుడు ఈ గట్టు మీదనే గుడిసె ఏసుకోని ఉంటిరంట. కాలువ కొత్త. మా మామోళ్ళంతా కట్టెలు పట్టుకోని వచ్చినారంట, యాడోళ్ళో ఏమో, గుంతలు తవ్వుతాండారు, గట్టు కూలుస్తారు, ఎల్లగొడదామని. అప్పుడు పెద్ద వాన. మా అత్త గుడిసెలోకి తొంగి చూసిందంట. లోపల చాపలో చుట్టి ఒక పసిబిడ్డ ఉండాడంట. మా అత్త బయటికి వచ్చి, పసికూన ఉండాది, వాన నిలిచినాంక పొమ్మందాం, అనిందంట."

ఆమె వక్క ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇంగా ఎవురూ పొమ్మనలేదు," అంది.

మామగారికి నలుగురు పిల్లలు. అందరికంటే పెద్దవాడు, ఆ గుడిసెలో చాపలో చుట్టి ఉన్నవాడు, మా ఆయన. ఆయన గట్టు మీద కూర్చుని తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. రాళ్ళు ఏరిన కథ, నేల చదును చేసిన కథ, ఎడ్ల కథ, మామగారు మాకు వెయ్యిసార్లు చెప్పారు. ఈ కథ ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. జాలి పొదలో ఏదో కదిలింది, ఎవరూ తిరిగి చూడలేదు.

ఆకాశంలో మబ్బుతునక లేదు. ఎండకు గట్టు మీది బంకమట్టి అప్పుడే నెర్రెలిస్తోంది. మామగారు తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకుని, మరిదిని వలలు చుట్టేయమని చేత్తో సైగ చేశారు.

"నిజమేనమ్మా," అన్నారు అక్కతో. "వాన ఇంకా నిలవలేదు కదా."